.22 టార్గెట్ పిస్టల్: పొట్టి బ్యారెలా, పొడుగు బ్యారెలా? ఎవరికి ఏది సరిపోతాది

ముందే చెప్పేస్తా, 25 మీటర్ల మ్యాచ్ కోసమైతే బ్యారెల్, అంటే గొట్టం, నాలుగున్నర అంగుళాలా ఆరు అంగుళాలా అనేది మీ స్కోరుని నేరుగా మార్చదు. మార్చేది దాంతోపాటు వచ్చే ఇంకో రెండు సంగతులు, ఒకటి గురి చూసేదానికి పిస్టల్ మీద ఉండే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం, రెండోది చేతిలో బరువు ఎటు మొగ్గుతాదనేది. ఈ రెండూ బ్యారెల్‌తోనే ముడిపడి ఉన్నట్టు కనపడతాయి గానీ, మంచి పిస్టల్ చేసేటోళ్ళు వాటిని ఎప్పుడో విడగొట్టేసినారు. ఇది ఎక్కితే సగం కన్ఫ్యూజన్ పోతాది, మిగిలిన సగం మీరు ఆడే ఈవెంట్‌ని బట్టి, మీ చేతిని బట్టి.

కర్నూలు, అనంతపురం, కడప నుంచి ఈ ఆటలోకి వచ్చేటోళ్ళలో చానా మంది దారి ఒకటే. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్ పట్టుకోని పండుకోని కొట్టింటారు, "గ్రూపింగ్ బాగుందిరా" (అంటే గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడినాయని) ఎవరో మెచ్చుకోనుంటారు, అక్కడ్నుంచి ఎయిర్ పిస్టల్, ఆ తర్వాత హైదరాబాద్‌కో బెంగళూరుకో బస్సెక్కి పోయి .22 పిస్టల్ ముట్టుకోవడం. (సీమోళ్ళంటే ఇంటింటికీ తుపాకి ఉంటాదనుకునే సినిమా జనానికి ఈ కష్టం యాడ తెలుస్తాది, కాగితం మీద సున్నాలు కొట్టేదానికి రెండొందల కిలోమీటర్ల పైన పోయి రావాల.) రైఫిల్ నుంచి వచ్చినోళ్ళ తలలో ఒక లెక్క గట్టిగా దిగిపోయి ఉంటాది, గొట్టం ఎంత పొడుగో గురి అంత అని. ఆదోని పిల్లోడొకడు మొన్న ఇదే అడిగినాడు, "అన్నా, పొడుగుదే మంచిదైతే పెద్ద పెద్ద షూటర్లంతా ఆ పొట్టి గన్నులు ఎందుకు పట్టుకుంటాండారు?" అని. "రూల్ ఒకటుందిరా, రూల్ లేకున్నా వాళ్ళు పొట్టిదే పట్టుకునేటోళ్ళు" అన్నా. ఎందుకనేది ఇక్కడ రాస్తాండా.

మొదట చూడాల్సింది మీ ఈవెంట్

దీన్ని పక్కన పెట్టి వీడియోలు చూసి మోడల్ మీద మనసు పడితే తర్వాత ఏడ్చేది మీరే. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్‌ఎస్‌ఎఫ్, 25 మీటర్ల .22 పిస్టల్‌కి పెట్టిన కొలతలు ఇవి: బ్యారెల్ 153 మి.మీ. దాటకూడదు, సైట్ల మధ్య దూరం 220 మి.మీ. దాటకూడదు, బరువు 1400 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు మోయాల, పిస్టల్ మొత్తం 300 × 150 × 50 మి.మీ. పెట్టెలో పట్టాల. గురికి ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్లు, దుర్భిణి లాంటి స్కోపులు ఒప్పుకోరు, ఒంటి చేత్తోనే కొట్టాల. మన నేషనల్స్ కూడా ఎన్‌ఆర్‌ఏఐ, అంటే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, ఆధ్వర్యంలో ఈ లెక్కల మీదే జరుగుతాయి.

153 మి.మీ. అంటే ఆరు అంగుళాలు, కాస్త గీత ఎక్కువ. అంటే ఏడు అంగుళాల బ్యారెల్, అది 178 మి.మీ. దాకా వస్తాది కాబట్టి, గేటు దగ్గర ఎక్విప్‌మెంట్ చెకింగ్‌లోనే ఆగిపోతాది. ఎంత గొప్ప పిస్టలైనా సరే. అమెరికాలో బుల్స్‌ఐ అని వేరే ఆట ఉంది, అక్కడ ఏడు అంగుళాలు ఓకే, రెడ్ డాట్ ఓకే. నెట్‌లో కనపడే సలహాలు చానా వరకు ఆ ఆట ఆడేటోళ్ళు రాసినవి, వాళ్ళకి అవి కరెక్టే, మనకి కాదు.

50 మీటర్ల ఫ్రీ పిస్టల్‌కి మాత్రం బ్యారెల్ పొడుగు మీద లిమిట్ లేదు, ట్రిగ్గర్ బరువు మీదా లేదు. అది వేరే లోకం, దాని సంగతి కింద ఉంది.

గొట్టం పొడుగైతే గుండుకి ఏమైతాది

.22 ఎల్‌ఆర్ గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. స్టాండర్డ్ వెలాసిటీ, అంటే మామూలు వేగం రౌండ్ (తూటా), రైఫిల్‌లో సెకనుకు 320-330 మీటర్లు పోతే, పిస్టల్ గొట్టంలో అంత దూరం తోసే సమయం దొరకదు కాబట్టి 260-290 మధ్యలో బయటపడతాది. పొట్టి పిస్టల్ నుంచి పొడుగు దానికి పోతే పది ఇరవై మీటర్ల వేగం కలిసొస్తాది. బాగుంది, కానీ ఆ వేగం మీకేం ఇస్తాది?

లెక్క చూడండి. 270 మీటర్ల వేగంతో పోయే గుండు 25 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణకి 42 మి.మీ. దాకా దిగుతాది. 290తో పోతే 36 మి.మీ. తేడా 6 మి.మీ., అదీ ప్రతి షాటుకీ ఒకే లాగ ఉండే తేడా, వెనక సైటు రెండు మూడు క్లిక్కులు తిప్పితే తీరిపోతాది. అసలు భయపడాల్సింది ఒక రౌండుకీ ఇంకో రౌండుకీ వేగం మారితే కదా, అది 5 మీటర్లు అటూ ఇటూ అయినా 25 మీటర్ల దగ్గర పైకీ కిందకీ ఒకటిన్నర మి.మీ. అంతే పడతాది. మెల్లగా కొట్టే ప్రెసిషన్ టార్గెట్‌లో పది రింగు, అంటే నడిమధ్య పది పాయింట్ల సున్నా, వెడల్పు 50 మి.మీ. దాంట్లో ఒకటిన్నర యాడుంటాది.

ఇంకో అపోహ, పొట్టి గొట్టంలో గుండు సరిగ్గా తిరగదు అని. .22 బ్యారెల్ లోపల గాడులు మామూలుగా 16 అంగుళాలకి ఒక చుట్టు తిరిగేలాగ ఉంటాయి. నాలుగున్నర అంగుళాల గొట్టంలో గుండు తిరిగేది పావు చుట్టు కంటే కొంచెం ఎక్కువ, నిజమే. కానీ బయటికి వచ్చినాక ఎంత స్పీడుగా తిరగాలనేది గాడి వంపు, గుండు వేగం కలిసి తేలుస్తాయి, లోపల ఎన్ని చుట్లు తిరిగిందనేది కాదు. 270 మీటర్ల దగ్గర సెకనుకు 660 చుట్ల పైనే తిరుగుతాది, పొట్టిదైనా పొడుగుదైనా. గుండుని నిలకడగా నడిపించేదానికి అది చాలు.

పొడుగు గొట్టంలో గుండు ఎక్కువసేపు ఉంటాది, ఆలోపల చెయ్యి కదిలితే గురి తప్పతాది అని ఇంకొందరి వాదన. సూత్రం కరెక్టే, కొలత చూస్తే నవ్వొస్తాది. 120 మి.మీ. గొట్టం కంటే 150 మి.మీ. గొట్టంలో ఎక్కువ ఉండేది చివరి 30 మి.మీ., దాన్ని గుండు 0.12 మిల్లీసెకన్లలో దాటేస్తాది. మీ చెయ్యి వణుకు అంత చిన్న సమయంలో ఏం చేయలేదు. ఫ్రీ పిస్టల్ మాదిరి 300 మి.మీ. అయితే కొంచెం ఆలోచించాల, అక్కడ షాట్ అయిపోయినాక కూడా ఒక క్షణం గురి పట్టుకోని ఉండడం, అదే ఫాలో త్రూ, ఇంకాస్త ముఖ్యం.

మంచి టార్గెట్ పిస్టల్‌ని రెస్ట్ మీద బిగించి, దానికి నప్పిన రౌండ్లు వేస్తే 25 మీటర్లలో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల గ్రూప్ రావడం మామూలే. పొట్టి బ్యారెల్ అయినా అంతే. అంటే పిస్టల్ పది రింగు కంటే ముందే మెరుగ్గా ఉంది. మిగిలిన తప్పంతా మన మణికట్టుదీ, కంటిదీ, వేలుదీ.

ఇక్కడే సైట్ల మధ్య దూరం లెక్క వస్తాది

దీన్నే సైట్ రేడియస్ అంటారు. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టి చూడాల్సింది దీన్నే.

ముందు సైటు, వెనక సైటు గీతలో 0.2 మి.మీ. పక్కకి కూర్చుందనుకోండి. 0.2 అంటే రెండు జెరాక్స్ కాగితాలు ఒకదానిమీద ఒకటి పెడితే వచ్చే మందం. ఆ తప్పు 25 మీటర్ల అవతల ఎంతైతాదంటే:

| సైట్ రేడియస్ | 0.2 మి.మీ. తప్పుకి 25 మీటర్ల దగ్గర గుండు ఎంత పక్కకి |
|---|---|
| 150 మి.మీ. | 33 మి.మీ. |
| 180 మి.మీ. | 28 మి.మీ. |
| 220 మి.మీ. | 23 మి.మీ. |

పది రింగు సగం వెడల్పు 25 మి.మీ., గుండు సగం మందం 2.8 కలిపితే మధ్య నుంచి 27.8 మి.మీ. లోపల పడినవి పదికి తగులుతాయి. అంటే అదే తప్పు, అదే చెయ్యి, 220 దగ్గర పది, 150 దగ్గర తొమ్మిది, 180 దగ్గర గీత మీద జడ్జి దయ. పొడుగు పిస్టల్ పట్టుకుంటే స్కోరు పెరిగిందని చెప్పేటోళ్ళు అబద్ధం చెప్పడం లేదు, పెంచింది గొట్టం అనుకుంటాండారు, పెంచింది ఈ దూరం.

ఇప్పుడు పర్దినీ ఎస్‌పీ లాంటి పిస్టల్‌ని పక్కనుంచి చూడండి. మ్యాగజైన్, అంటే రౌండ్లు పెట్టే డబ్బా, గ్రిప్‌లో (పిడిలో) ఉండదు, ట్రిగ్గర్ ముందర ఉంటాది. గొట్టం అక్కడ్నుంచి మొదలైతాది కాబట్టి 120 మి.మీ. దగ్గరే ఆగిపోతాది. కానీ వెనక సైటు ఎక్కడుంది? మణికట్టు మీదికి, బాగా వెనక్కి. ముందు సైటు మొన మీద. మధ్య దూరం రూల్ ఒప్పుకునే 220 దాకా పోతాది. పాత వాల్తర్ జీఎస్‌పీ కూడా ఇదే పద్ధతి. ఆదోని పిల్లోడి ప్రశ్నకి జవాబు ఇదే: వాళ్ళ గన్ను పొట్టిగా కనపడతాది గానీ సైట్ల దూరంలో పొడుగు దానికి ఏం తగ్గలేదు, పైగా మొన బరువు తగ్గింది.

మ్యాగజైన్ గ్రిప్‌లో ఉండే రకం, హ్యామర్లీ 208, స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41, రూగర్ మార్క్ 4 లాంటివి, వాటిలో గొట్టం గ్రిప్ పైనుంచే మొదలైతాది. అక్కడ బ్యారెల్ పొడుగుకీ సైట్ల దూరానికీ సంబంధం నిజంగానే ఉంటాది, పొట్టి మోడల్ తీసుకుంటే దూరం తగ్గతాది. అందుకే కొనేటప్పుడు బ్యారెల్ ఎంత అని అడగద్దు, "సైట్ రేడియస్ ఎంత" అని అడగండి, చెప్పలేకపోతే స్కేలు పెట్టి కొలవండి. 220 దాటిందంటే అదీ రిజెక్టే, మర్చిపోవద్దు.

ఒక మెలిక ఉంది. రేడియస్ ఎక్కువైతే తప్పు చిన్నదైనా కంటికి పెద్దగా కనపడతాది. అనుభవం ఉన్నోళ్ళకి అది వరం, ముందే చూసి సర్దుకుంటారు. కొత్తోళ్ళకి ముందు సైటు గూట్లో ఊగుతా ఉంటే భయం పుడతాది, సరిగ్గా మధ్యకి వచ్చిన క్షణంలో లాగేద్దామని ట్రిగ్గర్ గుంజుతారు, గుండు ఎడమ కిందకి పోతాది (కుడి చెయ్యోళ్ళకి). వెనక సైటు గాడి వెడల్పు చేసుకుంటే, ముందు సైటు పక్కల వెలుతురు కాస్త ఎక్కువ కనపడితే ఈ భయం తగ్గతాది. మంచి పిస్టళ్ళలో గాడి వెడల్పు స్క్రూతో మార్చచ్చు.

మొన బరువు, దీన్ని షాపులో కాదు అరగంట పట్టుకోని చూడాల

ఒంటి చేత్తో కొట్టే ఆట ఇది. గొట్టం పొడుగైతే బరువు ముందుకి జరగతాది. స్లో ఫైర్‌లో, అంటే టైమ్ తీసుకోని మెల్లగా కొట్టేటప్పుడు, అది మంచిదే, మొన బరువుగా ఉంటే చిన్న చిన్న వణుకులు అణిగిపోతాయి, సైటు మెల్లగా ఊగతాది. కానీ 100 గ్రాముల బరువుని మణికట్టు నుంచి 15 సెం.మీ. దూరంలో కాకుండా 20 సెం.మీ. దూరంలో పెడితే, పక్కకి తిప్పేటప్పుడు అడ్డుపడే జడత్వం దాదాపు ఒకటిముప్పావు రెట్లు అయితాది. బరువు పెరగలేదు, దూరం పెరిగింది, అంతే.

ఇది ఎప్పుడు తెలుస్తాదంటే 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్‌లో ర్యాపిడ్, అంటే తొందరగా కొట్టే భాగంలో. చెయ్యి 45 డిగ్రీలు కిందికి దించుకోని నిలబడాల, పచ్చ లైటు వెలిగినాక 3 సెకన్లు, ఆ మూడు సెకన్లలో ఎత్తి, ఆపి, సైట్లు చూసి, వదలాల. మళ్ళీ 7 సెకన్లు కిందికి. ఇట్ల ఐదు. మొన బరువు పిస్టల్ ఎత్తినప్పుడు పైన ఆగాల్సిన చోట ఆగదు, కొంచెం దాటిపోయి మళ్ళీ కిందికి వస్తాది, ఆ రాకపోకల్లోనే సెకను పోతాది. ఒలింపిక్ ర్యాపిడ్ ఫైర్ అయితే ఇంకా ఘోరం, 75 సెం.మీ. ఎడంతో ఐదు టార్గెట్లు, ఐదూ 8 సెకన్లలో, తర్వాత 6లో, తర్వాత 4లో. 2012 లండన్‌లో విజయ్ కుమార్ వెండి పతకం కొట్టింది ఈ ఈవెంట్‌లోనే. నాలుగు సెకన్ల సిరీస్‌లో చెయ్యి ఎత్తే టైమ్ కూడా కలిసే ఉంటాది, అక్కడ బరువు మొన మీద పెట్టుకోని తిప్పడమంటే మనకి మనం పెట్టుకునే శిక్ష.

మన ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో నీడలో నిలబడినా అరచెయ్యి తడిసిపోతాది, గ్రిప్ అర మి.మీ. జారినా మొన కిందికి చూస్తాది, మొన బరువు ఎక్కువైతే జారడమూ ఎక్కువే. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ముందు సైటు ఒక పక్క మెరిసి, కన్ను ఆ మెరుపుని వదిలేసి మిగిలిన నలుపునే మధ్య అనుకుంటాది, షాట్లన్నీ ఒక పక్కకి పోతాయి. పాత కోచ్‌లు కర్పూరం పొగ పట్టిస్తారు సైట్లకి, మసి పట్టి మెరుపు చచ్చిపోతాది. పిస్టల్ ఖాళీ చేసి, రౌండ్ల డబ్బా దూరం పెట్టినాకే ఆ పని.

ఒక్కోదాన్ని పక్కపక్కన పెడితే

| | పొట్టి, మ్యాగజైన్ ముందు | 5.5–6 అంగుళాలు, మ్యాగజైన్ గ్రిప్‌లో | 7 అంగుళాలు | ఫ్రీ పిస్టల్ |
|---|---|---|---|---|
| బ్యారెల్ | 105–125 మి.మీ. | 140–152 మి.మీ. | 175 మి.మీ. పైన | 250–300 మి.మీ. |
| ఐఎస్‌ఎస్‌ఎఫ్ 25 మీ. | ఓకే | కొలతలు చూసుకుంటే ఓకే | కుదరదు | కుదరదు |
| స్లో ఫైర్ | చానా బాగు | చానా బాగు | బాగు | 50 మీ.కి దీనికి పోటీ లేదు |
| ర్యాపిడ్ | అన్నిటికంటే బాగు | పర్వాలేదు | కష్టం | ఒక్కో రౌండే, మాటే లేదు |
| కొత్తోళ్ళ మణికట్టు | తేలిక | మధ్యస్తం | బరువు | గ్రిప్ సాయం ఉంటాది |
| ధర | ఎక్కువ | మోడల్‌ని బట్టి తక్కువ నుంచి మధ్య | తక్కువ నుంచి మధ్య | పాతవి దొరికితే తక్కువ |

టేబుల్‌లో చెప్పలేనివి కొన్ని.

పొట్టి రకంలో గొట్టం చేతికి చానా దగ్గరగా, కిందగా కూర్చుంటాది. కొట్టినాక మొన పైకి లేచేది తక్కువ, నేరుగా వెనక్కి తోస్తాది. .22కి రికాయిల్ ఏముందిలే అంటారు, ఒక్క షాటుకి ఏం లేదు, నాలుగు సెకన్లలో ఐదు కొట్టేటప్పుడు ప్రతిసారీ మొన ఎక్కడికి తిరిగొస్తాదనేదే స్కోరు. ఇవి కొంచెం నాజూకు మాత్రం, రౌండ్ల విషయంలో పేచీ పెడతాయి, మ్యాగజైన్ పెదవులు కాస్త వంగినా ఫీడింగ్ ఆగిపోతాది, స్పేర్లు మన దగ్గర తొందరగా దొరకవు.

ఆరు అంగుళాల గ్రిప్ మ్యాగజైన్ రకం మొండిది. మొన మీద బరువు కాస్త ఉంటాది, ఆ బరువు ఇష్టపడేటోళ్ళు చానా మంది ఉండారు. స్టాండర్డ్ పిస్టల్ ఆడేటోళ్ళకి, 150 సెకన్లు, 20 సెకన్లు, 10 సెకన్లు అని మూడు రకాల వేగం ఒకే మ్యాచ్‌లో ఉంటాది కాబట్టి, ఇది నడిమధ్య దారి. క్లబ్బుల్లో అందరి చేతుల్లో నలిగే పిస్టల్ కూడా ఎక్కువగా ఇదే రకం, తట్టుకుంటాది.

ఏడు అంగుళాలది మన ఊర్లలో ఎవరికి పనికొస్తాదంటే, మ్యాచ్ ఆలోచన లేకుండా కాగితం మీద కొట్టుకునే సరదా ఉన్నోళ్ళకి. అంతకు మించి నాకు కారణం కనపడదు.

ఫ్రీ పిస్టల్ మాట చెప్పాలంటే కొంచెం బాధే. 50 మీటర్లలో అదే 50 మి.మీ. పది రింగు, రెట్టింపు దూరం. పైన చెప్పిన 0.2 మి.మీ. తప్పు 220 రేడియస్‌లో ఇక్కడ 45 మి.మీ. అయితాది, తొమ్మిదికి పోతాది. అందుకే టోజ్ 35 లాంటి వాటికి 300 మి.మీ. గొట్టం పెట్టి ముందు సైటుని అంత దూరం తీసుకపోయినారు, రేడియస్ 360 అనుకుంటే అదే తప్పు 28 మి.మీ.కి దిగుతాది. ఇక్కడ వేగం తేడా కూడా కాస్త లెక్కే, రౌండుకీ రౌండుకీ 5 మీటర్లు మారితే పైకి కిందకి 6, 7 మి.మీ. పడతాది. పొడుగు గొట్టానికి నిజంగా పని ఉన్న ఒకే ఒక్క చోటు ఇది. దక్షిణ కొరియా జిన్ జాంగ్ ఓ 2008, 2012, 2016 ఒలింపిక్స్ మూడింట్లో ఈ ఈవెంట్ బంగారం ఎత్తుకపోయినాడు, మన జీతూ రాయ్ 2014 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వెండి కొట్టినాడు, 2018లో ఓం ప్రకాశ్ మిథర్వాల్ బంగారమే కొట్టినాడు. కానీ 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేసినారు. కెరీర్ అనుకునే పిల్లోళ్ళు దీని మీద డబ్బు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాల, ఆట మీద ప్రేమతో అయితే మాత్రం దీనంత నేర్పేది ఇంకోటి లేదు.

మరి మీరెవరు

ఎయిర్ పిస్టల్ నుంచి 25 మీటర్లకి వస్తాండే అమ్మాయిలు: ఇప్పుడు అందరికీ ఇషా సింగ్ పేరే, హైదరాబాద్ అమ్మాయి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి, టీమ్‌లో బంగారం. ఈ ఈవెంట్‌లో 30 షాట్లు ప్రెసిషన్, 30 షాట్లు ర్యాపిడ్, సగం సగం. ప్రెసిషన్‌లో మొన బరువు బాగుందని పొడుగుది పట్టుకుంటే ర్యాపిడ్‌లో బాకీ తీర్చాల్సి వస్తాది. పొట్టి గొట్టం, 220కి దగ్గర రేడియస్, ముందర తగిలించుకునే చిన్న బరువులు ఉన్న మోడల్ చూడండి. ప్రెసిషన్‌కి బరువు తగిలించుకోని ర్యాపిడ్‌కి తీసేద్దామనే ఆశ వద్దు, మ్యాచ్ మధ్యలో పిస్టల్ ఫీల్ మారితే సైట్ సెట్టింగ్ కూడా మారతాది. ప్రాక్టీసులో ఒక బరువు తేల్చుకోని అదే ఉంచండి.

పోలీసు, బెటాలియన్ టీముల్లో ఉండే అన్నలు: మీ చేతికి సర్వీస్ పిస్టల్ అలవాటు, రెండు చేతుల పట్టు అలవాటు. గ్రిప్ మ్యాగజైన్ ఉన్న 5.5, 6 అంగుళాలది తొందరగా చేతికి వస్తాది. డిపార్ట్‌మెంట్ ఏది ఇస్తే అదే కాబట్టి ఎంపిక ఎట్లాగూ తక్కువ, ఉన్నదాని గ్రిప్‌ని పుట్టీతో, ఆకురాయితో మీ చేతికి సరిపోయేలా చేసుకుంటే బ్యారెల్ మార్చినదానికంటే ఎక్కువ పాయింట్లు వస్తాయి, ఒప్పుకుంటేనే లెండి.

నలభై అయిదు దాటినోళ్ళు, చత్వారం వచ్చినోళ్ళు: వెనక సైటు మసక, ముందు సైటు మసక, టార్గెట్ ఒక్కటే క్లియర్, ఇదే కదా బాధ. ముందు సైటు కంటికి ఇంకాస్త దూరం పోతే కాస్త తేరుకుంటాది, అందుకే పెద్దోళ్ళకి పొడుగు రకం సుఖంగా అనిపిస్తాది. కానీ ఆ రెండు మూడు సెంటీమీటర్ల కోసం పిస్టల్ మార్చేకంటే, చెయ్యి చాపి ముందు సైటు ఉండే దూరం టేపుతో కొలిచి ఆ నంబర్ కంటి డాక్టర్‌కి చెప్పి, కొట్టే కంటికి ఆ దూరానికి అద్దం రాయించుకోండి. ఎంతో చౌక.

ఎన్‌సీసీ నుంచి నేరుగా .22 పిస్టల్ కావాలనే పిల్లోళ్ళకి ఒకటే మాట, ఇప్పుడే కొనద్దు నాయనా. 21 ఏళ్ళు నిండకుండా మామూలుగా లైసెన్స్ రాదు, నిండినాక కూడా కలెక్టరేట్ చుట్టూ, స్టేషన్ చుట్టూ తిరగాల. ఆ లోపల ఎయిర్ పిస్టల్ మీద చెయ్యి కుదిర్చుకోని, క్లబ్ పిస్టల్స్ రెండు మూడు రకాలు కోచ్ ముందర పట్టి చూస్తే, కొనే టైమ్‌కి మీకే తెలిసిపోతాది.

ఇంకో సంగతి, ఇది సీరియస్‌గా వినండి. ఏడు అంగుళాలది చౌకగా దొరికింది, గొట్టం కొంచెం కోయించేస్తే రూల్‌లోకి వస్తాది కదా అనే తెలివి కొందరికి పుడతాది. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా తుపాకి గొట్టం పొట్టి చేయడం నేరం. నేరం సంగతి అట్లుంచితే, గొట్టం చివర గుండు వదిలిపెట్టే అంచు, క్రౌన్ అంటారు, అది వెంట్రుకవాసి వంకర అయినా వెనక నుంచి వచ్చే గ్యాసు గుండుని ఒక పక్కకి తోసేస్తాది. గురి కోసం కొన్న పిస్టల్‌ని గురి లేకుండా చేసుకున్నట్టు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు కూడా ఆ క్రౌనే ముందు చూడాల. పిస్టల్ ఖాళీ అని మీరు కూడా స్వయంగా చెక్ చేసినాక, టార్చ్ వేసి అంచు చుట్టూ చూస్తే గాడులు ముగిసే చోట నిక్కులు, అరుగుదల ఉంటే తెలిసిపోతాది. ముందు వైపు నుంచి ఇనప రాడ్ దోసి క్లీన్ చేసే అలవాటున్నోళ్ళ పిస్టల్‌కి ఇది ఖాయం. .22కి సీసం గుండు, మైనం పూత, గొట్టం తొందరగా అరగదు. వేల రౌండ్లు కొట్టిన ఆరు అంగుళాలదైనా క్రౌన్ బాగుంటే, చాంబర్, అంటే రౌండ్ కూర్చునే గూడు, శుభ్రంగా ఉంటే భయపడక్కర్లేదు.

రౌండ్ల మాట. హై వెలాసిటీ అని రాసిన డబ్బా చూసి మోసపోవద్దు. పిస్టల్ గొట్టంలో ఆ గుండు ధ్వని వేగం చుట్టుపక్కల బయటపడే అవకాశం ఉంటాది, ఆ గీత దాటేటప్పుడు గుండు తడబడి గ్రూప్ చెదిరిపోతాది. స్టాండర్డ్ వెలాసిటీ ఆ గీతకి చానా కింద ఉంటాది, మన ఎండల్లో 40 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 355 మీటర్ల దాకా పెరగతాది కాబట్టి ఇంకా సేఫ్. ఎలీ, ఎస్‌కే, సీసీఐ, ఏది దొరికితే అది రెస్ట్ మీద పెట్టి ఐదేసి షాట్లు కొట్టి చూడండి, ఒక కంపెనీలోనే ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ వచ్చే తేడా ఒక్కోసారి 120 మి.మీ. గొట్టానికీ 150 మి.మీ. గొట్టానికీ ఉన్న తేడా కంటే పెద్దది.

చివరికి రెండు పిస్టళ్ళ మధ్య ఆగిపోయినారనుకోండి, ఇట్ల చేయండి. రేంజ్‌లో, ఖాళీ పిస్టల్‌తో, మొన టార్గెట్ వైపే ఉంచి, చూపు టార్గెట్ మీద పెట్టి చెయ్యి 45 డిగ్రీలు దించండి. కళ్ళు మూసుకోని, మ్యాచ్‌లో ఎత్తినంత వేగంతో ఎత్తి, ఆగినాక కళ్ళు తెరవండి. ముందు సైటు గాడిలో కిందికి మునిగి ఉంటే మొన మీకు బరువైతాంది, పక్కకి పోయింటే గ్రిప్ కోణం మీది కాదు. రెండింటితో ఇట్ల పదేసి సార్లు, మళ్ళీ గంట కొట్టి అలిసిపోయినాక ఇంకో పదేసి సార్లు చూడండి. అలిసినాక కూడా సైట్లు లైన్లో దొరికేదానికే అడ్వాన్స్ ఇవ్వండి, గొట్టం మీద ఎన్ని అంగుళాలు రాసున్నా సరే.